తలవ్రాత కాదు, తప్పింపదగిన ప్రమాదము

ఖరగ్‌పూరు రైల్వే కర్మాగారముతో తెలుగువారి సంబంధము నేటిది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఉత్తరాంధ్రమునుండి వలసవెళ్లిన కుటుంబములు ఆ పట్టణమున స్థిరపడి, తరతరములుగా రైల్వేపనులలో జీవించుచున్నవి. ప్రయాణికుల పెట్టె యొక్కటియే సుమారు 40 టన్నుల బరువుండును. అట్టివానిని క్రేనులతో ఎత్తి దింపు తావులలో ఒక క్షణపు ఏమరుపాటు చేతినో, కాలినో, ప్రాణమునో హరింపగలదు.

అట్టి ఆపద సంభవించినపుడు మనవారు “తలవ్రాత” అని నిట్టూర్తురు. ఈ మాటను విడువవలెనని నా అభిప్రాయము. పోగులు తెగిన ఇనుపత్రాడు, మితిమీరిన బరువు, ఇద్దరు చెరియొక సైగ చేయుట, వ్రేలాడు బరువు క్రింద నిలుచుట, మరమ్మతులో నున్న యంత్రమును మరియొకరు నడుపుట — ఇవి బ్రహ్మ వ్రాసినవి కావు. మనుష్యులు సరిదిద్దదగినవి.

ఎత్తుడు యంత్రములను 12 నెలలకు ఒకసారియైనను క్షుణ్ణముగా పరీక్షింపవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విధించెను. కాని పరీక్షకుడు ఏటికొకసారి చూచు త్రాటిని కార్మికుడు దినదినము చూచును. ఆతని మాటకు విలువ యుండవలెను. వ్రేలు చితికినవాడు అజాగ్రత్తపరుడన్న నిందకు వెరచి గాయమును దాచిన, ఆ త్రాడే రేపు మరియొకని భుజమును గొనిపోవును. కావున చిన్న గాయమును, తృటిలో తప్పిన ప్రమాదమును తెలిపినవానిని దండింపరాదు; మెచ్చుకొనవలెను. 1923 నాటి చట్టము గాయపడిన కార్మికునికి పరిహారమును హక్కుగా నొసగెను. కాని ధనము పోయిన వ్రేలిని మొలిపింపజాలదు.

ప్రమాదము జరిగినచో మొదట యంత్రమును ఆపుడు. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టుడు. కాఫీపొడి, పసుపు అద్దకుడు. తెగిన వ్రేలిని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచునీటిలో నుంచుడు. వ్రేలికి మంచుగడ్డ తగులరాదు. రోగితోపాటు దానిని వెంటనే ఆసుపత్రికి చేర్చుడు. ధనుర్వాతపు సూదిమందు విషయము వైద్యుని అడుగుడు.

ధైర్యమనగా బరువు క్రింద నిలుచుట కాదు. లోపమును చూచినపుడు “పని ఆపుడు” అని పలుకగలుగుటయే నిజమైన ధైర్యము. ఆ మాటను మన్నించు అధికారియే కార్మికునికి మొదటి వైద్యుడు.