టిక్ పెట్టే ముందు అడ్వాన్స్ పుస్తకం చూడండి

మా రెడ్డిగూడెం కుర్రాడొకడు, నాకు తమ్ముడి వరస, బీటెక్ అయ్యాక ఓ చెత్త నిర్వహణ కంపెనీలో చేరాడు. మొన్న ఫోన్ చేశాడు. పెద్ద క్లయింట్ నుంచి వెండర్ ఫారం వచ్చిందట. అందులో ఓ ప్రశ్న: ‘మీ సప్లై చైన్‌లో వెట్టిచాకిరీ ఉందా?’ పక్కన అవును, కాదు అని రెండు గళ్లు. ‘‘అన్నా, అందరూ ‘కాదు’ అనే టిక్ పెట్టి పంపేస్తున్నారు. నేనూ పెట్టేయనా?’’ అన్నాడు. ఆగమన్నాను.

ఇలాంటి ఫారాలు ఇప్పుడు పెరిగాయి. బ్రిటన్ 2015లో ఆధునిక బానిసత్వంపై చట్టం తెచ్చి, పెద్ద కంపెనీలు ఏటా దీనిమీద ప్రకటన ఇవ్వాలంది. మన సెబీ కూడా 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు బీఆర్ఎస్ఆర్ నివేదిక తప్పనిసరి చేసింది. ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో సరుకు అమ్మేవాళ్లు ఆ ప్లాస్టిక్‌ని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత కూడా తీసుకోవాలని ఈపీఆర్ నిబంధనలున్నాయి. అందుకే వెండర్ కంప్లయన్స్, ట్రేసబిలిటీ అంటూ ఉద్యోగాలు వస్తున్నాయి. ఈ పేజీ చదివే మీలో కొందరు రేపు ఆ కుర్చీల్లో కూర్చుంటారు. ఆ రెండు గళ్లు మీ ముందుకే వస్తాయి.

ఒక నీళ్ల సీసా దారి చూడండి. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో రోడ్డు పక్కన ఏరిన మనిషి గోనెసంచిలోంచి పాత సామాన్ల కొట్టుకి, అక్కణ్నుంచి పెద్ద గోడౌన్‌కి, బేళ్లు కట్టాక రీసైక్లర్‌కి. రీసైక్లర్ దగ్గర్నుంచి పైకి అంతా ఆన్‌లైన్, సర్టిఫికెట్‌తో సహా. కిందకి దిగితే మిగిలేది కొట్టు యజమాని దగ్గరుండే చిన్న నోట్‌బుక్. ఎవరికి ఎంత అడ్వాన్స్ ఇచ్చాడో అందులో ఉంటుంది. మన టెక్ వాళ్లం చెత్తడబ్బాకి క్యూఆర్ కోడ్ అంటించాం గానీ, ఆ నోట్‌బుక్ జోలికి పోలేదు.

అసలు విషయం అక్కడే ఉంది. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం గొలుసుల గురించి మాట్లాడదు. అప్పు తీసుకున్నందుకు మనిషి కోల్పోయేవాటి గురించి మాట్లాడుతుంది: సరైన కూలి, ఇంకోచోట పని చేసుకునే స్వేచ్ఛ, ఎక్కడికైనా పోయే హక్కు. నాలుగోది చదివి నేనే ఆశ్చర్యపోయాను. తన కష్టంతో వచ్చిన సరుకుని మార్కెట్ ధరకి అమ్ముకునే హక్కు పోయినా అది వెట్టే. అంటే అడ్వాన్స్ ఇచ్చి, ‘అది తీరేదాకా నాకే పొయ్యాలి, నేను చెప్పిన రేటుకే పొయ్యాలి’ అనే కొట్టు ఆ నిర్వచనంలోకి వచ్చేస్తుంది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించే పని కూడా బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో, ఆసియాడ్ కార్మికుల కేసులో చెప్పింది.

అడ్వాన్స్ అంటే మా వైపు ఎవరికీ తప్పుగా అనిపించదు. మామిడి తోటలు నడిచేదే అడ్వాన్సుల మీద. కానీ తోట రైతుకి భూమి ఉంటుంది, పై ఏడు ఇంకో షావుకారుని చూసుకుంటాడు. చిత్తుకాగితాలు ఏరే మనిషికి ఏముంది?

అది ఎంతదాకా పోతుందో 2025 మేలో తిరుపతి జిల్లాలో బయటపడింది. చెత్త పని కాదు, బాతులు మేపే పని. పాతిక వేల అప్పు కోసం ఒక యానాది కుటుంబమంతా పనికి కుదిరింది. వెళ్లిపోతామంటే వడ్డీతో కలిపి 45 వేలు కట్టమన్నారు. డబ్బు తెచ్చేదాకా కొడుకుని తాకట్టుగా ఉంచుకున్నారు. తొమ్మిదేళ్ల పిల్లాడు. తల్లి డబ్బు సర్దుకునేలోపే చనిపోయాడు. కాంచీపురం దగ్గర పూడ్చిన శవాన్ని పోలీసులు వెలికి తీయించారు. కోస్తా పట్టణాల్లో పారిశుద్ధ్య పనిలో తరతరాలుగా ఉన్నవాళ్లలో ఈ యానాదులూ ఉన్నారు. పని మారినా నోట్‌బుక్ మారదు.

‘మా దగ్గర జీతాలన్నీ బ్యాంకులోనే’ అనే జవాబు చాలదు. ఇంగ్లాండులో 2019లో శిక్షలు పడిన ఒక ముఠా కేసులో సుమారు 400 మంది పోలండ్ మనుషుల్ని తెచ్చి రీసైక్లింగ్ కేంద్రాల్లో, పొలాల్లో పెట్టారు. జీతం ఖాతాల్లోనే పడేది. ఖాతాలు నడిపింది ముఠా. మన దగ్గర ఏటీఎం కార్డు మేస్త్రీ జేబులో ఉండటం అంత అరుదైన సంగతేం కాదు.

తమ్ముడికి నేను చెప్పింది ముందు ఒక భాగహారం. కంపెనీ సబ్ కాంట్రాక్టర్‌కి టన్నుకి ఇచ్చే రేటుని, ఆ టన్నుకి పట్టే మనుషులతో, రోజులతో భాగించు. వచ్చింది కనీస వేతనానికి చాలకపోతే దొంగ మేస్త్రీ ఒక్కడే కాదు, రేటు రాసిన మీ కంపెనీ కూడా. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలన్నది 1970 నుంచీ చట్టంలో ఉన్న మాటే. తర్వాత సాయంత్రం యార్డుకి పో, మేస్త్రీ లేనప్పుడు. ‘బాకీ ఎంతుంది? రేపు మానేస్తే ఏమంటారు? కార్డు ఎవరి దగ్గరుంది?’ ఇవి అడుగు. కెమెరా తియ్యకు.

వెట్టి కనబడితే చాలా కంపెనీలు చేసేది ఆ వెండర్‌ని పీకేయడం. ఫైలు శుభ్రం, బాకీ మాత్రం అలాగే. ఆ మనుషులు బాకీతో సహా ఇంకో మేస్త్రీ చేతికి పోతారు. చట్టం దారి వేరు: వెట్టి అప్పు అసలు చెల్లదు, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. కలెక్టర్‌కో ఆర్డీవోకో రాతపూర్వకంగా చెబితే విచారణ, విడుదల పత్రం, పునరావాసం డబ్బు ఉంటాయి. ఉచిత న్యాయ సహాయం నంబరు 15100. వెండర్ కాంట్రాక్టులో కూడా ఇవి ముందే రాయించొచ్చు: పాత బాకీలు రద్దు, కార్డులు వాళ్ల చేతికి, ఏరినవాళ్లు ఎవరికైనా అమ్ముకోవచ్చు.

వాడు ఫారం ఇంకా పంపలేదు. వెండర్ షీట్‌లో ‘అడ్వాన్స్ బాకీ’ అని ఒక కాలమ్ చేర్చాడట. మూడు రోజుల్లో ఒక్క గడి నిండింది. మేనేజర్ ఇదెందుకని అడిగితే, ‘క్లయింట్ అడిగారు సార్’ అన్నాడట.