తోకకి అలగడం రాదు

"కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు" అని మావైపు ఓ సామెత. గోదారి జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి చిన్నప్పట్నించీ వింటూనే ఉన్నాను. తోక పట్టుకున్న మనిషి గతేంటో సామెత చెప్తుంది గానీ, ఈదిన కుక్క తోక గతేంటో చెప్పదు. అది తెలుసుకోడానికి నేను దుబాయ్ వచ్చి, అల్ కుసైస్‌లో రెండు గదుల ఫ్లాటులో ఓ లాబ్రడార్‌ని పెంచాల్సొచ్చింది.

దాని పేరు భీముడు. పేరు మా ఆవిడ పెట్టింది, తిండి చూసి. ఈ చుట్టుపక్కల కుక్కల్ని ఒప్పుకునే ఇంటి ఓనర్లు తక్కువ. ఫ్లాటు దొరకడమే గగనమైంది. మున్సిపాలిటీ రిజిస్ట్రేషనూ, మెడలో బిళ్ళా, చర్మం కింద చిప్పూ, ఏటేటా టీకాలూ.. నా వీసా కాగితాలకన్నా దాని ఫైలే పద్ధతిగా ఉంటుంది.

క్రితం ఆగస్టులో, అందరిలాగే, పిల్లల బడి సెలవులకి మూడు వారాలు ఊరెళ్ళాం. భీముణ్ణి బోర్డింగులో పెట్టాం. పేరు అనవసరం, మంచివాళ్ళే. రోజుకో ఫోటో వాట్సాప్‌లో పంపేవారు. కొలనులో ఈదుతున్న భీముడు, బంతి నోట కరుచుకుని ఈదుతున్న భీముడు, ఒడ్డున ఒళ్ళు దులుపుకుంటున్న భీముడు. మా అమ్మాయి ఆ ఫోటోలు ఊరంతా తిప్పి చూపించింది. మా అమ్మ చూసి, "మీకంటే అదే సుఖంగా ఉందిరా" అంది.

తిరిగొచ్చి ఇంటికి తెచ్చుకున్నాం. ఎదురొచ్చింది, చెయ్యి నాకింది, కానీ తోక ఊపలేదు. మొదట్లో రెండంగుళాలు అడ్డంగా నిలబడి, అక్కణ్ణించి తీగ మీద ఆరేసిన తడి తువాల్లా కిందకి వేలాడుతోంది.

"అలిగిందండీ. మూడు వారాలు వదిలేసి పోతే అలగదా మరి?" అంది మా ఆవిడ. నేనూ సరే అనుకున్నాను. బిస్కెట్లు పెట్టాం, బతిమాలాం. తణుకు నించి మా పిన్ని ఫోన్లో దిష్టి తియ్యమంది. అదీ తీశాం, ఎందుకొచ్చిందని. ఈ అలక నాటకం రెండు రోజులు నడిచింది. రెండో రోజు రాత్రి మా అమ్మాయి, "నాన్నా, ఇది కూచోవట్లేదు చూశావా? కూచోబోయి మళ్ళీ లేచిపోతోంది" అంది. దగ్గరికెళ్ళి తోక మొదట్లో చెయ్యి పెట్టానో లేదో, కుయ్యిమంది. ఆరేళ్ళలో భీముడు నా చేతికింద అలా అరవడం అదే మొదటిసారి.

ఇప్పుడు నా తెలివి వినండి. నడుంనొప్పికి నేను వేసుకునే ఐబూప్రొఫెన్ అలమరలో ఉంది. సగం విరిచి పెరుగన్నంలో పెడదామని విరిచేశాను కూడా. కింది ఫ్లాటు మలయాళీ ఆయన (ఆయనా కుక్కని పెంచుతాడు) అదృష్టవశాత్తూ ఏదో పనిమీద వచ్చి, చూసి, లాక్కున్నంత పని చేశాడు. ఐబూప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు పెడుతుందిట, మూత్రపిండాల్ని పాడుచేస్తుందిట. పారాసెటమాల్ కూడా మోతాదు మించితే కాలేయానికి ప్రమాదమే. తోక నొప్పి దానంతటదే పోయేదే కావచ్చు, నా వైద్యం మాత్రం పోనిచ్చేది కాదు.

మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ తోక ఎముకలు ఒక్కొక్కటీ తడిమింది, మలద్వారం పక్కనుండే గ్రంథులు చీము పట్టాయేమో చూసింది, వెనక్కాళ్ళు నేలమీద సరిగ్గా ఆనిస్తోందో లేదో నడిపించి చూసింది. విరగలేదని ఎక్స్‌రేలో తేలాక, "లింబర్ టెయిల్" అంది. ఈతగాళ్ళ తోక అనీ, చల్లనీళ్ళ తోక అనీ కూడా దానికి పేర్లున్నాయిట. తోకని ఆడించే కండరాలు తోక మొదట్లో ఉంటాయి. కుక్క ఈదేటప్పుడు తోకని చుక్కానిలా వాడుతుంది, అలవాటు లేని కుక్కని గంటలకొద్దీ ఈదిస్తే ఆ కండరాలు దెబ్బతింటాయి. 1999లో అమెరికాలో పాయింటర్ జాతి వేటకుక్కల మీద చేసిన పరిశీలనలో దెబ్బ కండరాల్లోనే ఉందని తేల్చారు. 2016లో ఎడింబరో విశ్వవిద్యాలయం వాళ్ళు లాబ్రడార్లని పరిశీలించి, ఈతకొట్టే కుక్కలకీ, పనిచేసే కుక్కలకీ, ఉత్తరాన చలిప్రాంతాల్లో ఉండేవాటికీ ఇది ఎక్కువని చెప్పారు.

చలిప్రాంతం జబ్బు ఆగస్టులో దుబాయ్‌లో ఏమిటి అని నేనూ అడిగాను. ఆవిడ నవ్వింది. ఇక్కడ ఎండాకాలంలో కొలను నీళ్ళని యంత్రాలతో చల్లబరుస్తారు కదా. పైగా దీనికి ఇంకో కారణం కూడా చెప్తారు: ఎక్కువసేపు ఇరుకు బోనులో ఉంచడం. "మూడు వారాల్లో రోజుకి ఎన్ని గంటలు బోనులో ఉంది?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఇరవై ఒక్క ఫోటోలున్నాయి. అన్నీ కొలనువే.

ఈతవల్లో, బోనువల్లో, రెండూ కలిసో తేల్చి చెప్పలేనంది. కుక్కలకిచ్చే నొప్పి మందు బరువుని బట్టి లెక్కకట్టి ఇచ్చింది, విశ్రాంతి అంది. నాలుగో రోజుకి తోక కొస కదిలింది. పది రోజులకి మామూలైంది. చాలావాటికి కొద్దిరోజుల్లోనో, రెండు వారాల్లోపో తగ్గిపోతుందిట. కాకపోతే వెనక్కాళ్ళు తూలినా, మూత్రం ఆపుకోలేకపోయినా అది నరాల వ్యవహారం, ఆగకుండా పరిగెత్తమని మరీమరీ చెప్పింది.

నా గొడవల్లా ఆ రెండు రోజుల గురించి. నేను పొట్టకూటికి చేసే పనేంటంటే, బ్యాంకువాళ్ళ సిస్టం ఆగిపోతే ఎందుకు ఆగిందో కనుక్కోడం. సర్వర్ పలక్కపోతే అలిగిందని ఎవరూ అనరు. లాగ్ ఫైలు తెరుస్తాం. అదే ఇంట్లో, నోరులేని జీవి మామూలుగా చేసేది చెయ్యకపోతే మాత్రం దాని వెనక మన కథొకటి అల్లేస్తాం. పైగా ఆ కథలో మనమే ముఖ్యపాత్రలం. "మనమీద బెంగ, మనమీద కోపం". అసలు తోక ఊపడమంటే సంతోషమే అనుకోవడం కూడా తప్పేనట. 2007లో ఇటలీ శాస్త్రవేత్తలు 30 కుక్కల్ని పరీక్షించి, యజమాని కనిపిస్తే తోక కుడివైపుకీ, తెలియని పెద్దకుక్క కనిపిస్తే ఎడమవైపుకీ ఎక్కువ ఊగుతుందని రాశారు. తోకకి తన భాష తనకుంది. మనం దాన్ని మనమీద అభిప్రాయ సేకరణగా చదువుకుంటాం.

కుక్కతో పోలిస్తే తిడుతుందేమో గానీ, మా అమ్మ విషయంలోనూ ఇదే చేశాను. పోయిన సంక్రాంతికి రాలేదని ఫోన్లో ముభావంగా ఉంటోందనుకున్నాను. రెండు వారాలపాటు "అమ్మ అలిగింది" అని ఇంట్లో జోకులు. తీరా చూస్తే దవడ పన్ను పుచ్చి మాట్లాడలేకపోతోంది. చెప్తే కంగారుపడతానని చెప్పలేదు. తమ్ముడు తీసుకెళ్ళి పీకించాక గానీ గొంతు మళ్ళీ లేవలేదు.

ఇంకోటి. ఈ దేశంలో జూన్ 15 నించి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నించి మూడు వరకూ ఎండలో మనుషుల చేత పని చేయించకూడదని నిబంధన ఉంది, 2005 నించీ. మనిషికి ఎండా, విశ్రాంతీ కొలిచి రాసుకున్నారు. మనం మాత్రం సెలవులకెళ్తూ బోర్డింగుల్ని అడిగేదేంటి? "రోజూ ఫోటో పంపుతారా?" ఎన్ని గంటలు బోను, ఎంతసేపు ఈత, నీళ్ళు ఎంత చల్లన, రాత్రి ఎవరుంటారు? ఇవి అడగం. ఫోటో మనకోసం, కుక్కకోసం కాదు. వాళ్ళు మనం అడిగిందే ఇచ్చారు, నేను వాళ్ళని తిట్టలేను.

ఈసారి మూడు చోట్లకి ఫోన్ చేసి ఇవే అడిగాను. ఒకచోట విసుక్కున్నారు. ఒకచోట "మీరు డాక్టరా?" అన్నారు. మూడోచోట లెక్క నిజాయితీగానే చెప్పారు: రోజుకి పద్దెనిమిది గంటలు బోనులోనే. వచ్చే ఆగస్టుకి టికెట్లు రెండే తీశాను. మా ఆవిడా, అమ్మాయీ ముందు వెళ్తారు. వాళ్ళొచ్చాక నేను వెళ్తాను. ఇది విని అమ్మ, "కుక్క కోసం ఆగిపోతావుట్రా?" అని నిజంగానే అలిగింది. ఈసారి పన్ను సంగతి కూడా అడిగే నిర్ధారించుకున్నాను.