పాట సాగదీసినట్టు వస్తోందా? ముందు బెల్టు చూడండి

రేపల్లె నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళ మామగారు దాచిన గ్రామఫోన్ ప్లేట్లు ఇంట్లో అరవై దాకా ఉన్నాయట. రికార్డ్ ప్లేయరు కూడా ఉంది, తిరుగుతోంది. కానీ ఏ ప్లేటు పెట్టినా నిద్రమత్తులో పాడినట్టు పాట సాగుతోందట. రిపేరు చేసే అతనికి చూపిస్తే "ప్లేట్లు పోయాయమ్మా, పాత సామానుకి వేసెయ్యండి" అన్నాడట. వెయ్యమంటారా అని అడుగుతున్నారు.

వెయ్యకండి తల్లీ! ఒక ప్లేటు చెడిందంటే నమ్మొచ్చు. అరవై ప్లేట్లూ ఒకేసారి, ఒకే తీరుగా ఎలా చెడతాయి? అన్నీ సాగుతున్నాయంటే తప్పు ప్లేయరుది. ఒక్క ప్లేటు మాత్రమే ఊగుతోందంటే అది వంగి ఉండాలి, లేదా దాని చిల్లు సరిగ్గా మధ్యలో లేకపోవాలి. ఈ తేడా తెలుసుకోకుండా ఎన్ని ఇళ్ళల్లో ప్లేట్లు తూకానికి వెళ్ళిపోయాయో!

మనవైపు ఇళ్ళల్లోకి ఈ ప్లేట్లు ఊరికే రాలేదు. నాటకాల పిచ్చి ఉన్న నేల ఇది. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి శ్రీరామవిలాస సభ నాటకాల్లో ఆడవేషం కట్టి, సత్యభామ అంటే ఆయనే అనిపించుకున్నారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మాధవపెద్ది సత్యం గారిది బాపట్ల దగ్గరి బ్రాహ్మణకోడూరు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఘటోత్కచుడి విందు పాట ఆయన గొంతే. వంటల పేజీ చదివేవాళ్ళం, మనకి ఆ పాట తెలియకపోతే ఎలా? 1974లో ఘంటసాల గారు వెళ్ళిపోయాక వచ్చిన భగవద్గీత ప్లేటు సరేసరి. సినిమా పాటలంటే ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి. నాటక పద్యాలన్నీ అలా దొరకవు. మీ అటక మీది ప్లేటు ఇంకో ఇంట్లో ఉందో లేదో ఎవరికి తెలుసు?

ఇక పనిలోకి వద్దాం. ముందు ప్లగ్గు పీకేయండి. ముల్లు ఉన్న చేతిని దాని ఆనుడు మీద పెట్టి కట్టేయండి. పైనున్న రబ్బరు చాప తీసి, పళ్ళేన్ని రెండు పక్కలా పట్టుకుని నిటారుగా ఎత్తండి. రాకపోతే లాగొద్దు, కొన్నిటికి ఇరుసు దగ్గర చిన్న క్లిప్పు ఉంటుంది, అది తియ్యాలి. లోపల పళ్ళేన్ని అంచు దగ్గర ఒరుసుకుంటూ తిప్పే రబ్బరు చక్రం కనిపిస్తే మీది చక్రం రకం. మోటారు పుల్లీ నుంచి పళ్ళెం చుట్టూ పలచటి రబ్బరు పట్టీ ఉంటే బెల్టు రకం. ఇప్పుడు చెప్పేది ఈ రెండో దాని గురించి.

బెల్టు మన కుక్కరు గాస్కెట్టు లాంటిదే. కొన్నాళ్ళకి సాగుతుంది, జారుతుంది. వదులై జారితే పాట నెమ్మదిస్తుంది. నెలల తరబడి తిప్పకుండా ఉంచితే పుల్లీ దగ్గర మడత పడిపోయి, తిరిగినప్పుడల్లా పాట ఊగుతుంది. మరీ పాతదైతే తారులా కరిగి అంటుకుంటుంది. వేడినీళ్ళలో వేస్తే బిగుస్తుందని కొందరంటారు, అది రెండు రోజుల ముచ్చటే. లంగా ఎలాస్టిక్, సైకిలు ట్యూబు ముక్క లాంటి ప్రయోగాలు అసలే వద్దు. మందం కాస్త తేడా వచ్చినా వేగం మారిపోతుంది.

కొత్తది కొనడానికి సాగిన పాత బెల్టుని కొలిచి లాభం లేదు. బెల్టు నడిచే దారి చుట్టూ, అంటే పుల్లీనీ, పళ్ళెం లోపలి అంచునీ చుట్టి వచ్చేలా దారం పెట్టి కొలవండి. ఆ కొలతకి నూటికి ఐదు వంతులు తక్కువ ఉన్న బెల్టు కావాలి. దారం 60 సెంటీమీటర్లు వస్తే బెల్టు 57 అన్నమాట. వెడల్పు కూడా చెప్పండి. బిగుతు మరీ ఎక్కువైతే మోటారు మూలుగుతుంది.

బెల్టు వేసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. వంటింట్లోంచి వచ్చిన నూనె చేతులతో ముట్టుకుంటే కొత్త బెల్టు కూడా జారుతుంది. పుల్లీనీ, అంచునీ మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, ఆరాక మెలిక పడకుండా వెయ్యండి. పళ్ళెం తిరిగే ఇరుసు గుంటలో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. కొబ్బరినూనె మాత్రం వెయ్యకండి, జిగురు కడుతుంది.

పెట్టె సమంగా కూర్చుందో లేదో మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి చూడండి. గోడ గూట్లో కడప బండ మీద పెడితే పిల్లలు గెంతినా కదలదు. స్పీకరు పక్కన వద్దు. పూజగదిలో కూడా వద్దు, హారతి మసి అంతా ముల్లుకి పడుతుంది.

వేగం సరిచూడ్డానికి ఏ పరికరమూ అక్కర్లేదు. పళ్ళెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, 33 గుర్తు మీద పెట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టండి. అసలు వేగం నిమిషానికి 33⅓ చుట్లు కాబట్టి మూడు నిమిషాల్లో సరిగ్గా నూరు చుట్లు రావాలి. తొంభై అయిదే వచ్చాయంటే బెల్టు జారుతున్నట్టే.

అమెరికా నుంచి అబ్బాయో కోడలో పాత ప్లేయరు తెచ్చిపెట్టిన ఇళ్ళకి ఒక మాట. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 సైకిళ్ళు. మనది 230, 50 సైకిళ్ళు. ట్రాన్స్‌ఫార్మరు పెడితే వోల్టులు తగ్గుతాయి గానీ సైకిళ్ళు మారవు. సైకిళ్ళని బట్టి తిరిగే ఏసీ మోటారైతే వేగం ఆరో వంతు పడిపోయి, నిమిషానికి 28 చుట్లే తిరుగుతుంది. అలాంటిదానికి ఎన్ని బెల్టులు మార్చినా దండగ, 50 సైకిళ్ళకి సరిపడే పుల్లీ వెయ్యాలి. అడాప్టరుతో నడిచే డీసీ మోటారుకి ఈ బాధ లేదు.

ఇప్పుడు ముల్లు. ప్లేటు ఆయుష్షంతా దాని బరువులోనే ఉంది. చేతికి వెనక బరువు బిళ్ళ ఉంటే, చెయ్యి గాల్లో త్రాసులా సమంగా తేలేదాకా దాన్ని తిప్పి, అంకెల చక్రాన్ని సున్నా దగ్గర పెట్టి, తర్వాత బరువు ఇవ్వండి. మాగ్నెటిక్ రకానికి మామూలుగా ఒకటిన్నర నుంచి రెండున్నర గ్రాములు. పాత సెరామిక్ రకానికి నాలుగు నుంచి ఆరు. మీ కార్ట్రిడ్జికి కంపెనీ ఇచ్చిన అంకె ఉంటే అదే పాటించండి. పాట గెంతుతోందని తల మీద పైసా బిళ్ళ పెట్టేవాళ్ళని నేను చూశాను. గెంతడం ఆగుతుంది, గాడి అరుగుతుంది.

లక్క ప్లేట్లకి, అంటే 78 వేగం వాటికి, గాడి వెడల్పు. ఎల్‌పీ ముల్లు ఆ గాడి అడుగున దొర్లి గరగరమంటుంది. 78కి వేరే ముల్లే వాడాలి. కొన్ని కార్ట్రిడ్జిలకి రెండు వైపులా రెండు ముళ్ళుంటాయి, తిప్పుకుంటే సరి.

తెనాలిలో కాలవలు, బాపట్లలో సముద్రపు గాలి, రేపల్లెలో కృష్ణ. మూడు చోట్లా చెమ్మే. పాత క్రిస్టల్ కార్ట్రిడ్జిల్లో రోషెల్ లవణం అనే స్ఫటికం ఉంటుంది. వానాకాలం మన ఉప్పు డబ్బాలో జరిగేదే దానికీ జరుగుతుంది. ప్లేయరు తిరుగుతున్నా గొంతు పీలగా వస్తుంటే ముందు దాన్నే అనుమానించండి.

ప్లేట్ల మీద తెల్లగా బూజు మచ్చలుంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బు ద్రవం కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంటే గుండ్రంగా తుడవండి. బోరు నీళ్ళైతే ఉప్పు చారలు మిగులుతాయి. మధ్య కాగితం తడవకూడదు. లక్క ప్లేటుకి స్పిరిట్ తగలనివ్వకండి, లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఆరాక బీరువాలో పుస్తకాల్లా నిలబెట్టండి. అటక మీద బోర్లా పేరిస్తే రోళ్ళు పగిలే రోహిణికార్తె ఎండకి అప్పడాల్లా వంగుతాయి.

పాట సరిగ్గా వినిపించిన రోజునే పిల్లలతో చెప్పి, వైరు కలిపి కంప్యూటరులోకి ఎక్కించుకోండి. ముందు నాటక పద్యాలు, తర్వాతే సినిమా పాటలు. ప్రతిదానికీ పేరు పెట్టేటప్పుడు పాడినవారి పేరుతో పాటు ప్లేటు మధ్య కాగితం మీద అచ్చయిన నంబరు కూడా రాయించండి.