చార్మినార్ టికెట్ ఢిల్లీకి, చీపురు బల్దియాకి

చార్మినార్ ఎక్కాలంటే కౌంటర్ దగ్గర భారతీయులకు 25 రూపాయలు, విదేశీయులకు 300. ఆ సొమ్ము హైదరాబాద్‌లో ఆగదు. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ద్వారా కేంద్ర ఖజానాకు చేరుతుంది. చుట్టూ పడే చెత్త ఎత్తేది, వీధి దీపాలు వెలిగించేది మాత్రం బల్దియా. ట్రాఫిక్ పోలీసులది, ప్రచారం రాష్ట్ర పర్యాటక శాఖది. మరి లాడ్ బజార్ మూలన గాజులమ్మే కుర్రాడు తన బండి సంగతి ఎవర్ని అడగాలి?

ఈ గందరగోళం కొత్తది కాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పర్యాటకం అనే పద్దే లేదు. జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలు కేంద్ర జాబితాలో 67వ అంశం, మిగతా పాత కట్టడాలు రాష్ట్ర జాబితాలో 12వ అంశం. అందుకే గోల్కొండ కోట కేంద్రం చేతిలో ఉంటే, దగ్గర్లోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర వారసత్వ శాఖ కింద ఉన్నాయి. వంశం ఒకటే, యజమానులు ఇద్దరు. ఇక నగరం సంగతి. 1992 నాటి 74వ సవరణ మునిసిపాలిటీలకు అప్పగించదగ్గ 18 పనుల జాబితా ఇచ్చింది. పారిశుధ్యం, వీధి దీపాలు, పార్కింగ్ అందులో ఉన్నాయి, పర్యాటకం లేదు. చాకిరీ వచ్చింది గానీ పెత్తనం రాలేదు.

డబ్బు కేంద్రం నుంచి రాదని కాదు. స్వదేశ్ దర్శన్ కింద 2017-18లో కుతుబ్‌షాహీ హెరిటేజ్ పార్కు, పైగా సమాధులు, హయత్ బక్షీ మసీదు, రేమండ్ సమాధికి కలిపి సుమారు 97 కోట్లు మంజూరయ్యాయి. పెద్ద మొత్తమే. కానీ ఆ పథకంలో పని పూర్తయ్యాక నిర్వహణ రాష్ట్రానిదే. రిబ్బన్ కత్తిరించేవాళ్లు ఒకరు, ఏడాది తర్వాత చెడిపోయిన కుళాయి బాగుచేయించాల్సినవాళ్లు ఇంకొకరు.

అసలు బరువు మోసేది చుట్టుపక్కల కుటుంబాలు. 2010లో సవరించిన ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కుదరదు. ఆపైన మరో 200 మీటర్లలో అనుమతి ఉండాలి. పాతబస్తీలో 100 మీటర్లంటే ఖాళీ జాగా కాదు కదా! తాతల నాటి ఇళ్లు, కింద దుకాణం, పైన సంసారం. కొడుకు పెళ్లికని కొత్తగా ఓ గది వేద్దామన్నా చట్టం అడ్డు. నిబంధన అనవసరమని ఎవరూ అనలేరు. పాత గచ్చు ఎంత సున్నితమో 2019 మేలో ఓ మినార్ నుంచి ముక్క ఊడిపడ్డప్పుడు అందరూ చూశారు. అయితే కట్టడం కోసం ఇంత వదులుకున్న ఇంటికి టికెట్ సొమ్ములో పైసా వాటా లేదు.

ఇటలీలోని వెనిస్ వేరే దారి పట్టింది. ఒక్కరోజు సందర్శకుల మీద 2024 ఏప్రిల్‌లో 5 యూరోల రుసుం మొదలుపెట్టింది. అందుకు వీలు కల్పించింది జాతీయ చట్టం. ఏ రోజుల్లో, ఎంత, ఎవరికి మినహాయింపు అన్నది తేల్చింది నగరం, వసూలు చేసుకునేదీ నగరమే. దాంతో రద్దీ తగ్గిందా అన్న గొడవ అక్కడ ఇంకా ఉంది. కనీసం ఎవర్ని నిలదీయాలో వెనిస్ వాసికి తెలుసు.

ఇక్కడి చిరువ్యాపారికి గట్టి ఆధారం పర్యాటక విధానంలో దొరకదు, 2014 నాటి వీధి వ్యాపారుల చట్టంలో ఉంది. చేసింది కేంద్రమే, అమలు చేయాల్సింది నగరం. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్లలో మూడో వంతు మహిళలు, మైనారిటీలకూ తగిన ప్రాతినిధ్యం. 50 ఏళ్లు దాటిన సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్లను కదిలించరాదని రెండో షెడ్యూలు చెబుతోంది. సుందరీకరణ అన్న మాట వినబడగానే ముందు కదిలేది తోపుడు బండే కాబట్టి, ఈ ఒక్క వాక్యం దుకాణందార్లకు చాలా ముఖ్యం. దీన్ని కమిటీ ముందు పెట్టాల్సింది వాళ్లే. ఇంట్లో తాతల నాటి తైబజారీ రసీదులుంటే పారేయకండి, 50 ఏళ్ల లెక్కకు అవి పనికొస్తాయి.