భూగర్భమునందలి పొయ్యి

ఎసరు మరిగినపుడు కుండమీది మూత యెగిరిపడుట మనము నిత్యము చూచునదే. ఆ మూతను కదల్చు నావిరియే పెద్ద చక్రమును ద్రిప్పినచో విద్యుచ్ఛక్తి పుట్టును. అందులకై బొగ్గు కాల్చి నీటిని మరగించుట సాధారణ పద్ధతి. కొన్నిచోట్ల నీ పని భూమియే చేయుచున్నది. ఇటలీ దేశమందలి లార్డెరెల్లోలో 1904వ సంవత్సరమున పియెరో జినోరీ కాంటీ అను ప్రభువు భూమినుండి వచ్చు నావిరితో నైదు దీపములను వెలిగించెను.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందు గీజర్స్ అను ప్రదేశము కలదు. అచ్చట లోతైన బావులు త్రవ్వి, ఆవిరిని గొట్టములద్వారా యంత్రములకు పంపి, 1960 నుండి విద్యుత్తును తీయుచున్నారు. లాభము చూచి బావులమీద బావులు త్రవ్విరి. 1987 తరువాత విద్యుత్తు తగ్గసాగెను. రాళ్లలో వేడి యున్నది, నీరు తరిగినది. పొయ్యి మండుచునే యుండగా కుండ యెండినదన్నమాట.

అప్పుడు వారు సమీపమందలి యూళ్ల మురుగునీటిని శుభ్రపరచి, గొట్టములతో భూమిలోనికి దింప మొదలిడిరి. 1997లో లేక్ జిల్లా నీరును, 2003లో శాంతారోజా పట్టణపు నీరును వచ్చి చేరినవి. వంటయిండ్లలో కడిగి పారబోసిన నీరే యావిరియై, దీపమై మరల వెలుగుచున్నది. అయితే, ఈ నీరు దిగుటచే నచ్చట చిన్న చిన్న భూకంపములు కలుగుచున్నవి. ఆ బాధ చుట్టుపట్ల కాపురమున్న వారిది.

భూమి తల్లియే; అయినను తోడుకొన్నంత మరల పోయనిదే కుండ నిండదు. ఈ సంగతి గృహిణులకు వేరుగ చెప్పనక్కరలేదని మేము తలంచెదము.