సెంట్రల్ హాల్లో ఆకాశరామన్న

ఎన్నికల బరిలో ప్రత్యర్థిని గౌరవించడమంటే ఫలితం వెలువడ్డాక అభినందన సందేశం పంపడమో, వేదిక మీద చేయి కలపడమో అన్న అభిప్రాయం బలంగా నాటుకుపోయింది గాని, ఆ గౌరవానికి అసలు పరీక్ష పోలింగుకు ముందే ఎదురవుతుంది. ప్రత్యర్థి మీద బురద చల్లడానికి సొంత పక్షం వారు చేయెత్తినప్పుడు ఆ చేతిని పట్టుకుని ఆపడమే ఆ పరీక్ష. అందులో భారత రాజకీయ వ్యవస్థ ఎంత దారుణంగా తప్పిందో చెప్పే రాష్ట్రపతి ఎన్నిక 1969 ఆగస్టు 16న జరిగింది. కాంగ్రెస్ సంస్థాగత పగ్గాలు పట్టుకున్న సీనియర్ నాయకుల కూటమిని, అంటే సిండికేట్‌ను, ప్రధాని ఇందిరాగాంధీ మట్టికరిపించిన ఘట్టంగానే దాన్ని ఏటా తలచుకుంటారు. ఎత్తులు, పైఎత్తులు అందరికీ గుర్తున్నాయి గాని, ఒక పెద్దమనిషి శీలాన్ని పార్లమెంటు ప్రాంగణంలోనే చిత్తుకాగితం పాలు చేసిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. తెలుగువారు సైతం దాన్ని మరచిపోవడం మరింత బాధాకరం, ఎందుకంటే ఆ పోటీలో ప్రధాన అభ్యర్థులిద్దరూ తెలుగువారే.

బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి కార్మికోద్యమం నుంచి వచ్చినవారు. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి రైతు కుటుంబం నుంచి వచ్చి ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి అయినవారు. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును కేంద్రం సవరించడం సహించలేక 1954లో గిరి నెహ్రూ మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు తన ప్రభుత్వాన్ని తప్పుపట్టినందుకు 1964లో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవినే వదులుకున్నారు. మాట పడటం కన్నా కుర్చీ వదలడం మేలని ఆచరణలో చూపిన ఇలాంటి ఇద్దరు ఎదురెదురుగా నిలిచిన పోటీ దేశంలో అత్యంత మర్యాదగా సాగవలసింది.

అలా సాగలేదు. మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణించడంతో తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరి జూలై 20న ఆ బాధ్యతను, ఉపరాష్ట్రపతి పదవిని కూడా విడిచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. కాంగ్రెస్ అధికార అభ్యర్థి సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకర్ పదవికి రాజీనామా చేశారు. సంజీవరెడ్డి నామినేషన్ పత్రంపై ప్రతిపాదకురాలిగా సంతకం చేసిన ప్రధానమంత్రే చివరకు అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమన్నారు. పార్టీ ఆదేశానికి కట్టుబడకుండా ఎవరి మనసుకు తోచినట్లు వారు ఓటు వేయవచ్చునన్నది ఆ పిలుపు సారాంశం. అంతవరకు అది రాజకీయమే, దానిపై ఎంతైనా వాదించుకోవచ్చు. పోలింగుకు ముందు రోజుల్లో సంజీవరెడ్డి వ్యక్తిగత జీవితం మీద అసభ్యమైన ఆరోపణలు గుప్పిస్తూ, కింద ఎవరి పేరూ లేని కరపత్రం ఒకటి ఓటర్ల చేతుల్లోకి వెళ్లడం మాత్రం రాజకీయం కాదు. ఊళ్లలో ఆడపిల్లల పెళ్లిళ్లు చెడగొట్టడానికి, గిట్టనివారి ఉద్యోగాలు ఊడగొట్టడానికి రాసే ఆకాశరామన్న ఉత్తరానికీ దానికీ తేడా ఒక్కటే: ఇది పార్లమెంటు సెంట్రల్ హాల్లో పంపిణీ అయింది. సభ్యులకు, మాజీ సభ్యులకు, అనుమతి ఉన్న కొద్దిమందికి తప్ప ప్రవేశం లేని ఆ హాల్లోకి ఆకాశరామన్న తనంతట తాను నడిచి రాలేడు. ఎవరో గౌరవనీయులు తెచ్చారు, ఎందరో గౌరవనీయులు చదివారు, చదివి పక్కవారికి అందించారు.

ఆ కాగితం వల్లనే ఫలితం తారుమారైందని రుజువు చేయడం ఎవరి తరమూ కాదు, అయినా అంకెలు మనసును కలచివేస్తాయి. రాష్ట్రపతి ఎన్నికలో ఓటరు అభ్యర్థులను ప్రాధాన్య క్రమంలో గుర్తిస్తాడు. మొదటి లెక్కలో ఎవరికీ సగానికి మించి రాకపోతే, వెనకబడినవారిని ఒక్కొక్కరినే తొలగిస్తూ వారి ఓట్లను తరువాతి ప్రాధాన్యం ప్రకారం మిగిలినవారికి పంచుతారు. ఆ లెక్కంతా పూర్తయ్యేసరికి గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. తేడా 14,650. అప్పట్లో ఒక్కో ఎంపీ ఓటు విలువ 576 గనుక, పదమూడు మంది ఎంపీలు అటు నుంచి ఇటు మారి ఉంటే రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టే మనిషే మారిపోయేవారు. పదమూడు మంది ఒకే బల్ల చుట్టూ కూర్చుని కాఫీ తాగుతూ ఒక కరపత్రాన్ని చేతులు మార్చుకోగలరు.

వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పడం అదే మొదటిసారి. గిరి ఆ పదవిని అడ్డు పెట్టుకోకుండా ప్రశ్నలకు జవాబులిచ్చిన తీరు ఆయన హుందాతనానికి తార్కాణం. కరపత్రం సెంట్రల్ హాల్లో పంచిన మాట నిజమేగాని, అందులో గిరి ప్రమేయం ఉన్నట్లు రుజువు కాలేదని న్యాయస్థానం 1970లో పిటిషన్లు కొట్టివేసింది. గిరి నిర్దోషిత్వాన్ని శంకించవలసిన పనిలేదు. ప్రశ్న వేరు: ఆయన గెలుపు కోసం రేయింబవళ్లు శ్రమించిన అంత పెద్ద సమూహంలో ఆ కాగితాన్ని నలుగురి ఎదుట చించి పారేసి, ఇటువంటి ఓటు మాకు అక్కర్లేదని ప్రకటించిన నాయకుడిగా చరిత్రలో పేరు నిలిచినవారు ఒక్కరైనా ఉన్నారా?

అలాంటి పని అసాధ్యమేమీ కాదు. 2008 అక్టోబరులో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం లేక్‌విల్ సభలో ఒక మహిళ బరాక్ ఒబామా అరబ్బు అంటూ తన భయం చెప్పబోగా, అధ్యక్ష ఎన్నికలో ఒబామాకు ప్రత్యర్థి అయిన జాన్ మెక్‌కెయిన్ ఆమె చేతిలోని మైకు తీసుకుని, కాదని, ఆయన మర్యాదస్తుడైన కుటుంబీకుడని, తమ మధ్య ఉన్నవి మౌలిక విషయాల్లో విభేదాలేనని చెప్పారు. ఒబామా అంటే భయపడనక్కర్లేదన్నందుకు అదే సభలో సొంత మద్దతుదారులే మెక్‌కెయిన్‌పై కేకలు వేశారు. అరబ్బు కావడం తప్పేమీ కాదన్న మాట కూడా ఆయన అనవలసింది, నిజమే. అయినా ఓడిపోతున్న అభ్యర్థి తన ఓటర్ల ఆగ్రహానికి వెరవకుండా ఆ పని చేశారు.

1969 తరువాత ఢిల్లీ ఏ పాఠం నేర్చుకుందో చూస్తే నిరాశ మరింత పెరుగుతుంది. అంతకు ముందు ప్రతిపాదించేవారు ఒకరు, బలపరిచేవారు ఒకరు ఉంటే రాష్ట్రపతి పదవికి ఎవరైనా నామినేషన్ వేయగలిగేవారు. 1974లో చట్టం సవరించి చెరి పదిమంది సంతకాలు, 2,500 రూపాయల ధరావతు అన్నారు, 1997లో చెరి యాభై మంది, 15,000 రూపాయలు చేశారు. పేరూ ఊరూ లేని అభ్యర్థుల బెడద అన్నది కారణంగా చూపారు. ఒక్క ఓటూ రాని అభ్యర్థి వల్ల గణతంత్రానికి వచ్చిన నష్టమేమిటో ఎవరూ వివరించలేదు. దేశాధినేత పదవికి సామాన్యుడు కనీసం నామినేషన్ వేయగల హక్కు ఒక విలువైన లాంఛనం. దాన్ని తీసివేయడం అన్యాయం. పేరున్న అభ్యర్థుల తలుపులు కాపాడుకోవడానికి చట్టసభకు తీరిక దొరికింది గాని, పేరు లేని కరపత్రాన్ని ఆపడానికి దొరకలేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం ఎమ్మెల్యే అభ్యర్థి వ్యక్తిగత శీలం గురించి తెలిసి తెలిసీ అబద్ధం ప్రచురించడం ఎన్నికను రద్దు చేయించగల అవినీతి చర్య. రాష్ట్రపతి ఎన్నికకు వర్తించే 1952 నాటి చట్టం 18వ సెక్షన్‌లో లంచం ఉంది, అనుచిత ప్రభావం, అంటే ఓటరు స్వేచ్ఛకు అడ్డుపడటం ఉంది, శీలహననమనే మాట విడిగా లేదు. అందుకే సంజీవరెడ్డి మీద పడిన బురదను పిటిషనర్లు అనుచిత ప్రభావమనే చట్రంలో ఇరికించి వాదించవలసి వచ్చింది.

1977లో జూలై నాటికి ప్రధాన పక్షాలన్నీ ఆ సంజీవరెడ్డి పేరే ఒప్పుకున్నాయి. దాఖలైన 37 నామినేషన్లలో 36 తిరస్కరణకు గురై ఆయన పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఎనిమిదేళ్ల కిందట ఆ కాగితం చదివిన చేతుల్లో కొన్నయినా ఆనాడు సెంట్రల్ హాల్లో ఆయన ప్రమాణ స్వీకారానికి చప్పట్లు కొట్టి ఉంటాయి. 18వ సెక్షన్‌లో శీలహననమనే మాట ఇప్పటికీ చేరలేదు.