ధైర్యం ఒంటరిగా పుట్టదు



ఆపదలో ఉన్న మనిషికి లోకం ఉచితంగా ఇచ్చేది "ధైర్యంగా ఉండు" అనే మాట. సస్పెన్షన్ ఉత్తర్వు అందుకున్న పోస్ట్‌మన్‌కూ, పట్టాలపై భర్తను పోగొట్టుకున్న ట్రాక్‌మన్ భార్యకూ, ఆసుపత్రి ఖర్చులకై వడ్డీ వ్యాపారి గడప తొక్కిన గుమాస్తాకూ అందరూ ఈ మాటే చెబుతారు. మేమూ చెప్పి ఉన్నాము. చెప్పి, ఇంటికి వచ్చి, భోజనం చేసి నిద్రపోయిన సందర్భాలు కూడా మాకు లేకపోలేదు. అందువలననే ఈ విషయమై మా అభిప్రాయాన్ని సభ్యుల ముందు ఉంచదలచినాము.

కొన్ని సంవత్సరాల క్రిందటి సంగతి. ఒక చిన్న స్టేషన్ పరిధిలో పనిచేసే సోదరుడు సర్వీసు నుండి తొలగింపబడినాడు. ఆయన పేరు, ఊరు ఇక్కడ చెప్పము. ఆయన ఆ ఉత్తర్వును ట్రంకు పెట్టెలో బట్టల క్రింద దాచినాడు. మరునాడు ఉదయం యథాప్రకారం అన్నం క్యారియర్ తీసుకొని డ్యూటీకి పోతున్నట్లే ఇంటి నుండి బయలుదేరినాడు. పగలంతా ఎక్కడో చెట్ల నీడన గడిపి, పొద్దు వాలిన తరువాత ఇల్లు చేరేవాడు. జీతాల రోజున అప్పు తెచ్చి భార్య చేతిలో పెట్టినాడు. ఈ విధంగా రెండు నెలలు గడచినవి. చివరకు ఆ ఇల్లాలికే అనుమానం కలిగినది. పెట్టె తెరచి, ఆ కాగితం పట్టుకొని మా బ్రాంచి కార్యాలయానికి వచ్చి, "అన్నా, ఇందులో ఏముందో చదివి చెప్పండి" అని అడిగినది.

చదివి చెప్పవలసిన మాకు నోట మాట రాలేదు. తొలగింపు ఉత్తర్వు అందిన నాటి నుండి 45 రోజులలోగా అప్పీలు చేసుకోవాలని రైల్వే క్రమశిక్షణ నిబంధనలు చెబుతున్నవి. ఆ గడువు దాటిపోయినది. అంతకు ముందు జరిగిన విచారణకు కూడా ఆయన హాజరు కాలేదని తరువాత తెలిసినది.

ఇందులో తప్పు ఆయనది మాత్రమే కాదు. గ్యాంగులో ఆయనతో కలిసి పనిచేసిన వారందరికీ సంగతి తెలుసు. అడిగితే బాధపడతాడేమోనని ఎవరూ అడుగలేదు. మా బ్రాంచి కార్యదర్శి ఇల్లు ఆ వీధిలోనే ఉన్నది. అవసరమైతే ఆయనే వస్తాడులే అని మేము అనుకున్నాము. కేసు మా వద్దకు రాలేదు గనుక మేము కేసు వద్దకు పోలేదు. ఆలస్యాన్ని మన్నించమని కోరుతూ అప్పీలు వేయించి, ఏడాదికి పైగా తిరిగిన మీదట ఆయనకు ఉద్యోగం తిరిగి వచ్చినది గాని, దిగువ గ్రేడులో వచ్చినది. ఆ నష్టంలో కొంత భాగం మా ఖాతాలోనే వ్రాసుకోవలసి ఉన్నది.

ఆ సోదరుడు పిరికివాడా? కాదు. వేసవి ఎండలో కాలిన పట్టాల మీద, కుంభవృష్టిలో, అర్ధరాత్రి గస్తీలో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి పిరికివాడు కాడు. ఆయనను ఓడించినది భయం కాదు, సిగ్గు. పదిమందిలో తలవంపు అవుతుందన్న తలంపు ఆయన నోరు నొక్కివేసినది. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అని మన పెద్దలు సామెత చెప్పినారు. ప్రాణం వరకు రాకముందే ఆ నోరు విప్పించడం ఎట్లా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం మన ఉద్యమ చరిత్రలోనే ఉన్నది. 1974 మే 8న ప్రారంభమైన అఖిల భారత రైల్వే సమ్మెను తలచుకోండి. దాదాపు 17 లక్షల మంది కార్మికులు గల సంస్థలో 20 రోజులు సాగిన పోరాటమది. సమ్మె మొదలు కాకముందే, మే 2న, నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేసినారు. వేలాది కార్మికులు జైళ్ళ పాలైనారు. వేలాది మంది ఉద్యోగాలు కోల్పోయినారు. క్వార్టర్ల నుండి కుటుంబాలను సామానుతో సహా వెళ్ళగొట్టినారు. కోరిన కోర్కెలు నెరవేరకుండానే మే 27న సమ్మె విరమింపవలసి వచ్చినది. మరుసటి ఏడాదే ఎమర్జెన్సీ వచ్చినది.

మాలో పలువురం అప్పటికి పసిపిల్లలం. ఆ రోజులను అనుభవించిన పెద్దలు సికింద్రాబాదులోనూ, కాజీపేటలోనూ, విజయవాడలోనూ, తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్‌లోనూ మాకు చెప్పిన మాటలు విన్నాము. "అంత ధైర్యం ఎక్కడిది?" అని అడిగితే ఒక్కరు కూడా తమ గుండె గట్టితనం గురించి చెప్పలేదు. రాత్రివేళ గోడ మీదుగా బియ్యం సంచి అందించిన పొరుగింటావిడ గురించి చెప్పినారు. జైలులో ఉన్నవాని బిడ్డకు బడి ఫీజు కట్టిన సహోద్యోగి గురించి చెప్పినారు. అరువు ఆపని కిరాణా కొట్టు యజమాని గురించి చెప్పినారు. ఎదుటివారు తలుపు తట్టినప్పుడే వారిలో ధైర్యం నిలిచినది.

మరొక్క విషయం గమనింపదగినది. ఉద్వాసనకు గురైన కార్మికులను 1977లో కొత్త ప్రభుత్వం తిరిగి పనిలోకి తీసుకున్నది. సమ్మె ప్రధాన కోర్కెలలో ఒకటైన బోనస్ 1979లో రైల్వే కార్మికులకు దక్కినది. నేడు మనం ఏటా దసరా ముందు అందుకొనే బోనస్‌కు మూలం అక్కడున్నది. కాని 1974 మే నెలాఖరున ఉద్యోగం లేక, ఇల్లు లేక నిలబడిన కార్మికునికి 1977 సంగతి తెలియదు. తెలియకుండానే అతడు రోజులు నెట్టుకొచ్చినాడు. మంచి జరుగుతుందని ముందే తెలిసి ఉండడాన్ని మేము ఆశ అనము. ఏమి జరుగుతుందో తెలియకపోయినా రేపు చేయవలసిన పనిని చేయడమే ఆశ. ఆ పని కొందరికి అప్పీలు వ్రాయడం కావచ్చు, కొందరికి పిల్లలను బడికి పంపడం కావచ్చు.

తపాలా సోదరుల చరిత్రా ఇదే. 1946 జూలైలో పోస్ట్‌మన్‌లు, కిందిస్థాయి సిబ్బంది దేశవ్యాప్తంగా సమ్మెకు దిగినప్పుడు వారికి మద్దతుగా జూలై 29న కలకత్తా నగరమంతా సమ్మె కట్టినది. ఇటీవలి కాలంలో, 2020 లాక్‌డౌన్ నాడు ఊళ్ళన్నీ తలుపులు మూసుకున్నప్పుడు, పోస్ట్‌మన్‌లూ గ్రామీణ డాక్ సేవకులూ వృద్ధుల గుమ్మం ముందుకే డబ్బు తీసుకుపోయి ఇచ్చినారు. 2021 మే నాటికే 1,952 మంది రైల్వే ఉద్యోగులు కోవిడ్‌కు బలి అయినట్లు రైల్వే బోర్డు ఛైర్మనే ప్రకటించినారు. ఆ ఇండ్లలో మిగిలినవారికి ధైర్యవచనాలు చాలవు. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నింపి పెట్టే చేయి కావాలి. కారుణ్య నియామకం దరఖాస్తు వెంట పదిసార్లు తిరిగే కాళ్ళు కావాలి.

కనుక బ్రాంచి కార్యవర్గాలకు మా విజ్ఞప్తి ఇది. సభ్యునికి ఛార్జిషీటు గాని, సస్పెన్షన్ గాని, తొలగింపు ఉత్తర్వు గాని వచ్చినదని తెలిసిన మూడు రోజులలోగా ఇద్దరు వారి ఇంటికి పోవలెను. కబురు చేయడం చాలదు. సస్పెన్షన్‌లో ఉన్నవారికి మొదట సగం జీతానికి సమానమైన జీవన భృతి, దానిపై కరువు భత్యం వస్తాయని, వేరే ఉద్యోగం చేయడం లేదని ధ్రువపత్రం ఇవ్వాలని, విచారణలో తోడుగా డిఫెన్స్ హెల్పర్‌ను కోరుకునే హక్కు ఉన్నదని, అప్పీలుకు గడువు ఉన్నదని ఇంట్లో అందరికీ అర్థమయ్యేట్లు చెప్పవలెను. ఆ ఇంట వంట జరుగుతున్నదో లేదో చూడవలెను. అతడు చందా సక్రమంగా కట్టినాడా, మన యూనియన్ వాడేనా అన్న లెక్క ఆ రోజున తీయరాదు. మనిషి నిద్రాహారాలు మాని, బ్రతుకు మీద విరక్తితో మాట్లాడుతున్నాడని తోస్తే ఒంటరిగా విడువరాదు. వైద్యుని వద్దకు వెంట తీసుకుపోవలెను. ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక కష్టంలో ఉన్న సోదరునితో, సోదరితో ఒక్క మాట. మేము మీ నుండి మహావీరత్వం కోరడం లేదు. ఆ కాగితాన్ని పెట్టె అడుగున దాచకండి. ఇంట్లో ఒకరికి చూపండి, యూనియన్‌లో ఒకరికి చూపండి. ఆ ఒక్క అడుగు మాత్రం మీరే వేయాలి, మీ బదులు మరెవరూ వేయలేరు. తరువాతి అడుగులకు మేము వెంట ఉంటాము.

అప్పుడు మమ్ము నమ్మి కాగితం తెచ్చిన ఆ ఇల్లాలికి చదువు రాదు. అయినా ఆ నాడు మాలో అందరికన్నా ధైర్యం చూపినది ఆమెయే. ఈసారి ఆమె వచ్చేదాకా కూర్చోకుండా మేమే ఆ వీధికి పోవాలని నిర్ణయించుకున్నాము. ప్రతి బ్రాంచి కూడా ఈ నెల సమావేశంలో ఇదే నిర్ణయం చేయవలెనని కోరుతున్నాము.